ఎండ రాని సందులో రంగుల తోట

మీ ఇంటి చుట్టూ కాస్త ఖాళీ స్థలం ఉందా? ఉంటే అందులో ఎండ పడుతుందా? మొదటి ప్రశ్నకు ‘ఉంది’ అనీ, రెండోదానికి ‘అయ్యో, అదే లేదు’ అనీ జవాబు చెప్పే గృహిణులు మన ఊళ్ళల్లో ఏటేటా పెరిగిపోతున్నారు. నేనూ వాళ్ళలో ఒకదాన్నే.

ఏలూరులో మా ఇంటికి తూర్పు వైపు అయిదడుగుల వెడల్పున ఒక సందు ఉంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ సందే మా పెరడు, మా తోట. పొద్దుపొడుపు నుంచి పదింటి దాకా అక్కడ ఎండే ఎండ. మందార, కనకాంబరం, బంతి, వాటి మధ్యన తులసికోట. నాలుగేళ్ళ కిందట పక్కనున్న పెంకుటిల్లు తీసేసి అయిదంతస్తుల అపార్ట్‌మెంటు లేపారు. వాళ్ళ స్థలం, వాళ్ళు కట్టుకున్నారు. తప్పు పట్టడానికి ఏముంది? కానీ మా ఎండ పోయింది. ముందు బంతి పోయింది. తర్వాత కనకాంబరం పోయింది. మందార మొగ్గ తొడగడం మానేసింది. తులసమ్మ ఆకులు రాల్చుకుని పుల్లలా నిలబడితే చూడలేక కోటను డాబా మీదకు మార్పించాం.

అసలు చిక్కు అక్కడొచ్చింది. మా అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. మెట్లు ఎక్కలేరు.

అత్తయ్యగారి పుట్టిల్లు మెట్టలో, కొయ్యలగూడెం వైపు. ఎర్రనేల, పొగాకు తోటలు. మెట్టినిల్లు కొల్లేట్లో ఒక లంక ఊరు. నల్లటి బంకమట్టి, చుట్టూ నీళ్ళు. ‘చూసినంత మేర నీళ్ళే గానీ తులసమ్మకు చెంబెడు మంచినీళ్ళు కావాలంటే వెతుక్కోవాలి’ అని నవ్వుతూ చెప్పేవారు. మావయ్యగారు పోయాక మా దగ్గరకు వచ్చేశారు. మెట్ట నుంచి కొల్లేటికి, కొల్లేటి నుంచి ఏలూరుకి, అన్నీ వదిలేసుకుంటూ వచ్చిన ఆవిడకు మిగిలిన సేద్యం ఆ సందొక్కటే. అది కూడా మేడెక్కింది.

నేను పైకి వెళ్ళి తులసికి నీళ్ళు పోసి దిగి వచ్చేసరికి ఆవిడ మెట్ల మొదట్లో నిలబడి ఉండేవారు. ‘ఇవాళ ఆకెలా ఉందమ్మాయ్?’ అని అడిగేవారు. చిగురేసిందని చెబితే మొహం విప్పారేది. కొన్నాళ్ళకు అడగడం మానేశారు. టీవీ ముందు కూర్చోవడం, లేస్తే మంచం. మాట్లాడితే మాట్లాడేవారు, లేకపోతే లేదు. అప్పుడనిపించింది నాకు. ఎండ ఉన్న చోటికి ఈవిడ వెళ్ళలేనప్పుడు, ఈవిడ ఉన్న చోటికే తోట రావాలి. కానీ ఎండ లేని చోట ఏం బతుకుతుంది?

క్రోటన్లు తెచ్చి భంగపడ్డాను

నాకు తెలిసిన రంగు ఆకుల మొక్క క్రోటన్ ఒక్కటే. కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కల బండి మా వీధిలో ఆగితే నాలుగు కుండీలు కొన్నాను. ఎరుపు, పసుపు, నారింజ చారలతో కళ్ళు చెదిరేలా ఉన్నాయి. సందులో పెట్టిన రెండు నెలలకు పాత ఆకులు రాలిపోయాయి, కొత్త ఆకులు ఒట్టి పచ్చగా వచ్చాయి. అమ్మినవాడు మోసం చేశాడనుకున్నాను గానీ, తప్పు అతనిది కాదు, నాది. క్రోటన్‌కు రంగు రావాలంటే మంచి వెలుతురు, ఎండ కావాలట. ఎర్ర తోటకూర సంగతీ అంతే. ఆకు రంగుగా ఉన్నంత మాత్రాన అది నీడ మొక్క అనుకోకూడదన్నమాట!

సంక్రాంతికి తాడేపల్లిగూడెం మా పుట్టింటికి వెళ్ళినప్పుడు ఈ బాధ మా అమ్మతో చెప్పుకుంటున్నాను. మా పక్కింటి అమ్మాయి వెంకట్రామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయంలో చదువుతోంది. 2007లో ఆ విశ్వవిద్యాలయం వచ్చినప్పటి నుంచీ గూడెంలో ఏ ఇంట్లో మొక్కకు తెగులొచ్చినా, అక్కడ చదివే పిల్లలు దొరికితే ఆపి అడగడం అందరికీ అలవాటే. ఆ అమ్మాయి నా మాటలు విని, ‘అక్కా, కోలియస్ వేసి చూడు’ అంది. వాళ్ళ వసారాలో, ఎండ తగలని మూల, కుండీలో ఉన్న మొక్క చూపించింది. ముదురు ఎరుపు ఆకు, చుట్టూ లేత పచ్చ అంచు. పట్టుచీరకు అంచు నేసినట్టుంది. ‘మొక్కలు కొంటే ఒకటో రెండో వస్తాయి. విత్తనాల ప్యాకెట్టు తీసుకో. ఒక్కో గింజకు ఒక్కో రంగు మొక్క రావచ్చు’ అని కూడా చెప్పింది. ఆ మాట నాకు బాగా నచ్చింది.

మన వామాకుకు చుట్టమే!

కోలియస్ అంటే ఏదో పరాయి మొక్క అనుకోకండి. బజ్జీలు వేసుకుంటామే వామాకు, అది దీనికి స్వయానా తోబుట్టువు. తులసి, పుదీనాలది కూడా ఇదే కుటుంబం. నమ్మకం లేకపోతే కాడను వేళ్ళ మధ్య తిప్పి చూడండి. గుండ్రంగా ఉండదు, పలకలుగా, నాలుగంచులతో తగులుతుంది. ఆకులు కూడా ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. తులసిదీ ఇదే తీరు. నేను ఈ సంగతి చెప్పగానే అత్తయ్యగారు కోలియస్ కాడను రెండు వేళ్ళతో నలిపి చూసి, ‘అయితే మనవాళ్ళే’ అన్నారు.

కాకపోతే చుట్టరికం ఉంది కదా అని దీనితో బజ్జీలు వేయకండి సుమా! ఇది చూడ్డానికే గానీ తినడానికి కాదు. పసిపిల్లలకీ, పెంపుడు పిల్లులకీ, కుక్కలకీ అందకుండా పెట్టాలి.

దీని పుట్టిల్లు ఆగ్నేయాసియా దీవుల వైపు. 19వ శతాబ్దంలో ఓడలెక్కి ఐరోపా చేరింది. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో దీనికోసం జనం ఎగబడ్డారు. ఆ తర్వాత శాస్త్రవేత్తల చేతుల్లో పడి పేర్లు మారింది. కోలియస్ కాస్తా సొలెనోస్టెమన్ అయింది, ఆపైన ప్లెక్ట్రాంథస్ అయింది. మన ఆడవాళ్ళ ఇంటిపేర్లు మారినట్టే! చివరకు 2019లో మళ్ళీ కోలియస్ అనే తేల్చారు. పుట్టింటి పేరు తిరిగొచ్చిందన్నమాట. ఈ మధ్యలో పేరు ఏమైనా దాని రంగు మాత్రం మారలేదు.

మొదటి ప్యాకెట్టు మట్టిపాలు

ఇక నా నిర్వాకం వినండి. విత్తనాలు తెప్పించాను. ప్యాకెట్టు చింపి చూస్తే ఆవగింజలో పదోవంతు కూడా లేవు. గ్రాముకు మూడు వేలకు పైగా తూగుతాయట! ధనియాలు వేసినట్టే సందులో నల్లమట్టి గుల్ల చేసి, గింజలు జల్లి, పైన అరంగుళం మట్టి కప్పి, చెంబుతో నీళ్ళు పోశాను. పదిహేను రోజులు చూశాను. ఒక్కటీ రాలేదు. గరిక మాత్రం ఏపుగా వచ్చింది.

ఎందుకు రాలేదో ఇప్పుడు తెలుసు. కోలియస్ గింజ మొలవాలంటే వెలుతురు తగలాలి. మట్టి కప్పితే మొలకెత్తదు. ఒకవేళ కొన్ని మొలిచినా అంత చిన్న గింజలో ఉండే సత్తువ అరంగుళం బంకమట్టిని తోసుకుని పైకి రావడానికి చాలదు. పైగా చెంబునీళ్ళ ధారకు సగం గింజలు ఒక మూలకు కొట్టుకుపోయి ఉంటాయి.

నా దగ్గర ఇంకో ప్యాకెట్టు మిగిలింది. దాన్ని పట్టుకుని ఆలోచిస్తూ కూర్చుంటే అత్తయ్యగారు వచ్చారు. ‘ఏం విత్తనమమ్మాయ్ అది? ఇలా చూపించు’ అన్నారు. నాలుగు గింజలు అరచేతిలో వేశాను. కళ్ళజోడు సర్దుకుని చూసి, ‘ఓస్, ఇంతేనా! పొగాకు విత్తనం ముందు ఇది పెద్ద గింజే’ అన్నారు.

నిజమే. పొగాకు గింజలు గ్రాముకు పదివేల పైచిలుకు ఉంటాయి. వాళ్ళ నాన్నగారు పొగనారు పోసేటప్పుడు ఆవిడ పదేళ్ళ పిల్ల. ‘ఉత్త చేత్తో చల్లితే ఒకచోట గుప్పెడు, ఒకచోట సున్నా. అందుకని సన్నటి ఇసుకలో కలిపి చల్లేవాళ్ళు. ఇసుక ఎక్కడ పడితే గింజ అక్కడ పడ్డట్టే’ అన్నారు. ఆ పూట టీవీ పెట్టలేదు.

అత్తయ్యగారి నారుమడి

ఆ రెండో ప్యాకెట్టు మేమిద్దరం ఎలా వేశామో వరసగా చెబుతాను. మీరూ ఇలాగే చేయండి.

ముందు కాలం. మన ప్రాంతంలో కార్తీకమాసం దీనికి మంచి అదను. వానలు వెనకపడతాయి, ఎండ పదును తగ్గుతుంది. పగటి వేడి మరీ ఎక్కువ కాకుండా 21 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంటే గింజలు బాగా మొలుస్తాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎప్పుడు వేసుకున్నా ఫరవాలేదు. రోహిణీకార్తెలో మాత్రం పెట్టుకోకండి.

తర్వాత మట్టి. కొల్లేటి వైపు నల్లమట్టి నీటిని పట్టి ఉంచుతుంది, ఆరితే రాయిలా బిగుస్తుంది. చిన్న గింజలకు అది పనికిరాదు. మా తమ్ముడు గూడెం నుంచి రైల్లో వస్తూ ఒక సంచీ ఎర్రమట్టి తెచ్చిపెట్టాడు. ‘ఏలూర్లో మట్టి కూడా దొరకట్లేదా అక్కా?’ అని వెక్కిరించాడనుకోండి! మన గోదావరి జిల్లాల్లో కొబ్బరి పొట్టుకు కొదవ లేదు. రెండు పాళ్ళు కొబ్బరి పొట్టు, ఒక పాలు జల్లించిన ఎర్రమట్టి, ఒక పాలు సన్న ఇసుక కలిపాం. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది, అంచేత ముందు రెండు మూడు నీళ్ళల్లో నానబెట్టి పిండాలి. కలిపిన మట్టి మీద మరిగిన నీళ్ళు పోసి, చల్లారనిచ్చి, తడి తగ్గాక వాడాం. మట్టిలోని తెగులు చాలావరకు అలా పోతుంది.

మిఠాయి డబ్బా అడుగున చిల్లులు పెట్టి ఆ మట్టి నింపాం. అత్తయ్యగారు చెంచాడు పొడి ఇసుకలో గింజలు కలిపి, చిటికెలతో ముగ్గేసినట్టు చల్లారు. పైన మట్టి కప్పలేదు. అరచేత్తో మెల్లగా అదిమారు, అంతే. డబ్బాను పళ్ళెంలో నీళ్ళు పోసి అందులో ఉంచాం. మట్టి కింది నుంచి తడి పీల్చుకుని పైకల్లా చెమ్మగిల్లాక తీసేశాం. పై నుంచి నీళ్ళు పోయనే లేదు. పైన పల్చటి పాలిథిన్ కాగితం కప్పి, వెలుతురు వచ్చే కిటికీలో పెట్టాం. రోజుకోసారి కాగితం ఎత్తి గాలి తగలనిచ్చేవాళ్ళం.

పన్నెండో రోజు పొద్దున్న ‘అమ్మాయ్! ఇలా రా!’ అని కేక. పరుగెత్తుకెళ్ళాను. డబ్బా నిండా సూదిమొన అంతేసి పచ్చటి చుక్కలు. మొలకలు రావడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఒక్కోసారి మూడు వారాలు కూడా కావచ్చు. తొందరపడి పారేయకండి.

నారుకుళ్ళు వస్తే

మొలకలు వచ్చాక మొదటి గండం నారుకుళ్ళు. రాత్రి బాగున్న మొలక పొద్దున్నకు మొదట్లో నల్లబడి పడిపోతుంది. ఇది మట్టిలో ఉండే బూజుజాతి తెగులు. తడి ఎక్కువై, గాలి ఆడక, మొలకలు ఒత్తుగా ఉంటే వస్తుంది. మాకూ ఒక మూల ఏడెనిమిది పడిపోయాయి. అత్తయ్యగారు వెంటనే పైకాగితం తీసేయించారు. పడ్డ మొలకలను చుట్టూ ఉన్న మట్టితో సహా చెంచాతో తీయించారు. రెండు రోజులు నీళ్ళు పెట్టనివ్వలేదు. మిగిలినవి నిలదొక్కుకున్నాయి. ముందే మట్టిలో ట్రైకోడెర్మా విరిడి పొడి కాస్త కలుపుకుంటే ఇంకా మంచిది. ఎరువుల దుకాణాల్లో దొరుకుతుంది.

తీసి పారేసినవే తేరుకున్నాయి

నాలుగేసి ఆకులు వచ్చాక ఒక్కో మొక్కనూ విడి కప్పుల్లోకి మార్చాలి. టీ తాగి పారేసే కాగితం కప్పులకు అడుగున చిల్లు పెడితే చాలు. ఆకు పట్టుకుని ఎత్తాలి గానీ కాడ పట్టుకోకూడదు. కాడ నలిగితే మొక్క పోతుంది.

ఇక్కడే మాకొక పాఠం జరిగింది. మొలకల్లో సగం ఏపుగా, పచ్చగా, పొడుగ్గా ఉన్నాయి. కొన్ని మాత్రం పొట్టిగా, ముడుచుకుని, కదలకుండా ఉన్నాయి. ‘గట్టివి ఉంచి బక్కవి తీసెయ్యాలి. పొగనారులోనైనా వరినారులోనైనా పద్ధతి అదే’ అన్నారు అత్తయ్యగారు. నాకూ సబబుగానే తోచింది. గట్టివి ఇరవై కప్పుల్లో పెట్టి, బక్కవన్నీ పంపు గట్టు పక్కన పారబోశాను.

మూడు వారాలు గడిచాయి. కప్పుల్లో మొక్కలు బాగా ఎదిగాయి. కానీ చాలావాటికి పచ్చటి ఆకు మీద పల్చగా ఎరుపు జీర, అంతే. బాగున్నాయి గానీ గూడెంలో చూసిన ఆ పట్టుచీర రంగు ఏది? నాకు లోపల నిరుత్సాహంగానే ఉంది. ఒకరోజు గిన్నెలు కడిగే అమ్మాయి, ‘అమ్మగారూ, పంపు కాడ ఇదేం మొక్కండీ, భలేగుంది!’ అంది. వెళ్ళి చూస్తే ఇటుకల సందున రెండు మొక్కలు. బెత్తెడు ఎత్తు కూడా లేవు. ఒకటి నల్లటి ఎరుపు, చుట్టూ చిలకపచ్చ అంచు. ఇంకొకటి మధ్యన గులాబీ రంగు, దాని చుట్టూ మీగడ రంగు, దాని చుట్టూ ఆకుపచ్చ. నేను తీసి పారేసిన బక్క మొలకలే!

గూడెం అమ్మాయికి ఫోను చేస్తే నవ్వింది. ‘అయ్యో అక్కా, చెప్పడం మర్చిపోయాను. కోలియస్‌లో మెల్లగా ఎదిగేవాటికే తరచుగా మంచి రంగులొస్తాయి’ అంది. కారణం కూడా చెప్పింది. ఆకులోని పచ్చదనమే మొక్కకు అన్నం వండిపెట్టేది. రంగు ఎక్కువై పచ్చదనం తగ్గిన ఆకులో వంట తక్కువ, ఎదుగుదల నిదానం. పచ్చగా ఉన్నవి గబగబా ఎదిగిపోతాయి. అంచేత ఈ నారులో బక్కగా ఉన్నవాటిని ముందే తీసేయకూడదు, అసలు రంగు తేలేదాకా ఆగాలి.

ఈ మాట అత్తయ్యగారికి చెప్పాను. ఆవిడ పంపు గట్టు దగ్గర పీట వేసుకుని కూర్చుని, ఆ రెండింటినీ వేళ్ళతో మట్టి పెకలించి, వేరు తెగకుండా తీసి కుండీల్లో పెట్టారు. ‘పైరుకు లెక్క ఒకటి, దీనికి లెక్క ఒకటి. ఎన్నేళ్ళొచ్చినా కొత్త లెక్క ఒకటి ఉంటూనే ఉంటుంది’ అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు. కానీ ఆ రోజు నుంచీ ఉతికిన బట్టల కంటే ముందు, కాఫీ కంటే ముందు, ఆవిడ అడుగు ఆ సందులోనే.

నీడ అంటే చీకటి కాదు

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. నీడలో పెరుగుతుంది కదా అని మెట్ల కింద చీకట్లో పెడితే కోలియస్ బతకదు. కాడ సాగి, ఆకులు దూరదూరంగా వచ్చి, రంగు వెలిసిపోతుంది. మీ చోటు పనికొస్తుందో లేదో చూసుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. మిట్టమధ్యాహ్నం అక్కడ లైటు వేయకుండా పేపరు చదువుకోగలరా? చదువుకోగలిగితే మొక్క పెట్టండి. పొద్దున పూట గంటా రెండు గంటలు లేత ఎండ తగిలితే మరీ మంచిది. మన మధ్యాహ్నపు ఎండ మాత్రం దీనికి పనికిరాదు. ఆకు మాడుతుంది, రంగు వెలుస్తుంది. మా సందులో గోడకు తెల్లసున్నం వేయించాక వెలుతురు బాగా పెరిగింది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

నీళ్ళ సంగతి. మట్టి పైపొర వేలితో తాకి, ఆరితేనే పోయాలి. మా వీధిలో బోరు నీళ్ళు కాస్త ఉప్పగా ఉంటాయి. అవి పోస్తే ఆకు అంచులు మాడాయి. మునిసిపల్ నీళ్ళు, వానాకాలంలో చూరు నీళ్ళు పట్టి పోస్తున్నాను. బియ్యం కడిగిన నీళ్ళు కూడా అప్పుడప్పుడూ పోయవచ్చు. నీళ్ళు తగ్గితే ఆకులు చీర జారినట్టు వేలాడతాయి. కంగారు పడకండి, నీళ్ళు పోసిన గంటలో లేచి నిలబడతాయి.

ఎరువు అతిగా వేయకూడదు. యూరియా లాంటివి వేస్తే ఆకు పెద్దదవుతుంది గానీ పచ్చబడి రంగు తగ్గుతుంది. నెలకోసారి గుప్పెడు పశువుల ఎరువో, వర్మీ కంపోస్టో చాలు. కొల్లేటి ఊళ్ళల్లో ఉన్నవాళ్ళకు ఇంకో ఉపాయం. కాలవల్లో అడ్డంగా పెరిగే గుర్రపుడెక్కను తీసి, ఎండబెట్టి, పేడతో కలిపి మగ్గబెడితే మంచి కంపోస్టు అవుతుంది. అది పూలమొక్కలకూ, రంగు ఆకులకూ వాడుకోండి. కాలవ నీళ్ళల్లోని మురికిని ఆ మొక్క పీల్చుకుంటుంది కాబట్టి ఆకుకూరలకు మాత్రం వద్దు.

తల తుంచితేనే గుబురు

మొక్క ఆరంగుళాల ఎత్తు రాగానే కొన చిగురు తుంచేయాలి. చామంతికి చేస్తాం చూశారూ, అలాగే. తుంచిన చోట కింద రెండు కొమ్మలు వస్తాయి, అవి ఎదిగాక వాటి కొసలూ తుంచితే నాలుగు వస్తాయి. మొక్క గుబురుగా, గుండ్రంగా తయారవుతుంది. లేకపోతే కర్రలా పొడుగ్గా పోతుంది.

నీలం రంగులో చిన్న పూలకంకి వస్తుంది. చూడ్డానికి తులసి వెన్ను లాగే ఉంటుంది. ముచ్చటపడి ఉంచేయకండి. పూత మొదలైతే మొక్క సత్తువంతా గింజకు పోయి ఆకు చిన్నబోతుంది. కంకి కనిపించగానే తుంచేయాలి. ఈ పని మా ఇంట్లో అత్తయ్యగారిదే. నన్ను చేయనివ్వరు.

చీడల్లో పిండినల్లి ఒకటే మమ్మల్ని వేధించింది. ఆకు మొదట్లో తెల్లటి దూదిలా అంటుకుంటుంది. లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట చల్లితే పోయింది. కొద్దిగా ఉన్నప్పుడు తడిగుడ్డతో తుడిచేసినా చాలు.

నచ్చిన రంగును నిలుపుకోవాలంటే

మీ మొక్క గింజలే మళ్ళీ వేస్తే అదే రంగు వస్తుందన్న నమ్మకం లేదు. అక్కచెల్లెళ్ళయినా అందరూ ఒకేలా ఉండరు కదా! మీకు బాగా నచ్చిన రంగు అలాగే కావాలంటే కొమ్మ నాటుకోవాలి. నాలుగంగుళాల కొస కొమ్మ తీసి, కింది ఆకులు గిల్లి, గాజు సీసాలో నీళ్ళల్లో పెట్టండి. వారం పదిరోజుల్లో తెల్లటి వేళ్ళు వస్తాయి. అప్పుడు కుండీలో నాటుకోవడమే. వేసవిలో మొక్క నీరసించినా సీసాలో రెండు కొమ్మలు దాచుకుంటే రంగు పోదు. గింజలతో కొత్త రంగులు దొరుకుతాయి, కొమ్మలతో పాత రంగులు నిలుస్తాయి. రెండూ కావాలి.

కోలియస్‌కు తోడుగా నీడలో గింజల నుంచి వచ్చే మొక్క ఇంకోటి ఉంది. హైపోఎస్టిస్. పచ్చటి ఆకు మీద గులాబీ రంగు చుక్కలు చల్లినట్టుంటుంది. దీని పుట్టిల్లు మడగాస్కర్ దీవి. దీన్ని కూడా ఇదే పద్ధతిలో వేసుకోవచ్చు, ఇలాగే తల తుంచాలి.

పైవాళ్ళకూ ఎండ లేదు

ఇప్పుడు మా సందులో ముప్ఫై కుండీల దాకా ఉన్నాయి. నూనె డబ్బాలు, పగిలిన బకెట్లు కూడా లెక్కలోనే వేశాను లెండి. గోడ వారగా వరసగా పెట్టాం. అత్తయ్యగారు పట్టుకుని నడవడానికి వీలుగా ఒక పక్క ఇనప గొట్టం పెట్టించారు మావారు. కూర్చోవడానికి పీట బదులు ఎత్తైన స్టూలు వేశాం. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే కుండీలను నేల మీద కాకుండా రెండు ఇటుకల ఎత్తున పెట్టండి. వంగే పని తప్పుతుంది.

పోయిన నెలలో అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉండే అమ్మాయి గేటు దగ్గర నిలబడి, మొహమాటపడుతూ అడిగింది. ‘మామ్మగారూ, బాల్కనీలోంచి రోజూ మీ మొక్కలు చూస్తుంటాను. ఒక కొమ్మ ఇస్తారా? మా బాల్కనీ మీ గోడవైపు, అస్సలు ఎండ రాదండీ. ఏం పెట్టినా చచ్చిపోతోంది’ అంది.

నేను అత్తయ్యగారి మొహం చూశాను. మా ఎండ పట్టుకుపోయారని ఇన్నాళ్ళూ అనుకున్నవాళ్ళకు కూడా ఎండ లేదట! అత్తయ్యగారు క్షణం ఆగి, కత్తెర తెమ్మన్నారు. పంపు గట్టు దగ్గర దొరికిన ఆ ఎర్రటి మొక్క నుంచి రెండు కొమ్మలు కత్తిరించి ఇచ్చారు. ‘నీళ్ళల్లో పెట్టు తల్లీ. వేళ్ళు వచ్చేదాకా కదపకు. పూత వస్తే తుంచెయ్యి. తెలియకపోతే దిగి వచ్చి అడుగు’ అని అప్పగింతలు పెట్టినట్టు చెప్పారు.

నేను ఇప్పటికీ పొద్దున్నే డాబా మీదకు వెళ్ళి తులసికి నీళ్ళు పోసి దిగుతాను. అత్తయ్యగారు మళ్ళీ అడుగుతున్నారు, ‘పైన తులసమ్మ ఎలా ఉందమ్మాయ్?’ అని. నేను జవాబు చెప్పేలోగానే చెయ్యి పట్టుకుని సందులోకి లాక్కెళ్ళి, ‘అది సరేగానీ, ఇది చూడు ముందు. నిన్నటి ఆకు కాదిది’ అంటారు.

ఒక్క చూపులో

* విత్తే కాలం: నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు.
* మట్టి: కొబ్బరి పొట్టు 2 పాళ్ళు, ఎర్రమట్టి 1, సన్న ఇసుక 1.
* గింజలను ఇసుకలో కలిపి పైపైన చల్లాలి. మట్టి కప్పకూడదు.
* నీళ్ళు పళ్ళెంలోంచి, కింది నుంచి అందించాలి.
* మొలక: 10 నుంచి 14 రోజులు, ఒక్కోసారి 3 వారాలు.
* బక్క మొలకలను పారేయకండి. రంగు తేలేదాకా ఆగండి.
* ఆరంగుళాల ఎత్తులో తల తుంచాలి. పూలకంకి కనిపించగానే తీసేయాలి.
* లైటు లేకుండా పేపరు చదవగలిగినంత వెలుతురు ఉండాలి. మధ్యాహ్నపు ఎండ తగలకూడదు.
* నచ్చిన రంగు నిలవాలంటే కొమ్మ నాటుకోవాలి.